రెండు నుంచి నాలుగు

మొగలిలంక,
6 మార్చి 1998.

సూర్యకుమారత్తయ్యకి,

నువ్వు పంపిన పెట్టె చేరింది. చాక్లెట్లు అన్నీ కరిగి ఒకే చాక్లెట్టు అయ్యేయి. అమ్మ దాన్ని కత్తిపీట మీద కోసి వీధిలో అందరికీ పంచింది. తలనొప్పి మందు సీసాలు ఆరు అని రాసేవు. మాకు రెండు అందేయి. మిగతా నాలుగూ దారిలో తలనొప్పులకి సరిపోయినట్టున్నాయి. తెచ్చినవాళ్ళని ఏమీ అనకు, మళ్ళీ పెట్టె మొయ్యాల్సింది వాళ్ళే.

నా సంగతి. డిగ్రీ పూర్తయి పది నెలలైంది. రామచంద్రపురం హాస్టల్లో మూడేళ్ళుండి ఫిజిక్సు చదివినదానికి మన లంకలో ఉన్న పనల్లా ఫ్యూజు పోయినవాళ్ళింటికి వెళ్ళడం. బి.ఎడ్. ఎంట్రన్సుకి చదువుతున్నానని అందరికీ చెప్తున్నాను. పుస్తకం కూడా కొన్నాను.

ఊళ్ళో విశేషం. ఉగాది మర్నాటి నుంచి శ్రీరామనవమి దాకా రామాలయంలో సప్తాహం చేస్తున్నారు. నీకు చెప్పక్కర్లేదు, ఏడు పగళ్ళు ఏడు రాత్రులు హరేరామ భజన ఒక్క క్షణం కూడా తెగకూడదు. తెగితే అరిష్టం. ఇంటికొక వంతు, వంతుకి రెండు గంటలు. కమిటీ ప్రెసిడెంటు మంగరాజుగారు, అదే కొబ్బరికాయల వ్యాపారం ఆయన, మన అరుగు మీద కూచుని చెప్పేరు.

"అమ్మాయ్, ఈసారి వంతుల పట్టీ నువ్వు వెయ్యాలి. క్రితంసారి మా బావమరిది వేసేడు. శనివారం పొద్దుట మూడిళ్ళవాళ్ళు ఒకేసారి వచ్చి తాళాల కోసం దెబ్బలాడుకున్నారు. ఆదివారం పొద్దుట ఎవరూ లేరు."

"నాకు దేవుడంటే నమ్మకం లేదండి" అన్నాను.

"ఆయ్, దేవుడితో పని లేదమ్మా. కాగితం, స్కేలు ఉంటే చాలు."

వేసేను. మొత్తం ఎనభై నాలుగు గళ్ళు. వేస్తుంటే ఒక సంగతి తెలిసింది. రాత్రి వంతులకి జనం ఎగబడతారు. అది ఎక్కువ పుణ్యం, పైగా టీ ఇస్తారు. ఎవరికీ అక్కర్లేనిది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. భోజనాలు అయి ఉంటాయి, ఎండ, దానికి తోడు ఆ రెండు గంటలూ మనకి కరెంటు కోత. పంకా తిరగదు, మైకు పలకదు. దేవుడికి ప్రమాదమంటూ వస్తే ఆ రెండు గంటల్లోనే రావాలి. మంగళవారం రెండు గంటల వంతు మంగరాజుగారే తీసుకున్నారు, జనరేటరు అద్దెకి తెస్తారట. గురువారం రెండు గంటల గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. మీ ఇంటి పేరు రాసెయ్యి అన్నారు. నేను ఒప్పుకోలేదు.

నీకు తెలిసిందే కదా అత్తయ్యా. నాన్న పోయిన దగ్గర్నించీ దేవుడికీ నాకూ మాటల్లేవు. మూడేళ్ళయింది. ఎదురుపడితే నేనే తల తిప్పుకుంటున్నాను.

ఉంటాను. సమాధానం రాసేటప్పుడు అక్కడ ఎండ ఎంతుందో డిగ్రీల్లో రాయి. "చాలా ఎండ" అని రాయకు.

నీ మేనకోడలు,
లావణ్య.


కువైట్,
17-3-98.

లావణ్యకి మీ సూర్యకుమారత్త రాసేది.

మీరు బాగున్నారని చాక్లెట్టు కోసిన సంగతి చదివితేనే తెలిసింది గనక మళ్ళీ అడగను. నేను బాగున్నాను. ఆరేళ్ళ నుంచీ బాగున్నాననే రాస్తున్నాను, చాలాసార్లు నిజమే. ఎండ ఎన్ని డిగ్రీలో డ్రైవరు బంగారరాజుని అడిగితే కారులో చూసి ముప్ఫై ఒకటి అన్నాడు. బంగారరాజు రాజోలు మనిషి, యాభై దాటేయి, మా మేడంగారి కారు నడుపుతాడు.

ఆ గురువారం గడిలో నా పేరు రాయి. సూర్యకుమారి, పక్కన బ్రేకెట్లో కువైట్. మంగరాజుకి కనపడేలా పెద్దగా రాయి. నా బదులు నువ్వు కూచో.

నమ్మకం లేదంటావు. నిన్ను నమ్మమన్నదెవరు? ఇక్కడ రోజూ పద్నాలుగుమందికి వండుతున్నాను. అందులో సగం కూరలు నేను నోట పెట్టను. ఉప్పు చూడకుండానే వేస్తాను. సరిపోయిందో లేదో తినేవాళ్ళు చెప్తారు. నువ్వూ అంతే, రెండు గంటలు నోరాడించు. సరిపోయిందో లేదో ఆయన చూసుకుంటాడు.

నా మొక్కు పెద్దదేం కాదు. వచ్చే మాఘానికి నా కాగితం గడువు అయిపోతుంది. కాళ్ళూ చేతులూ సవ్యంగా ఇంటికి చేరాలి. ఈసారి వచ్చేస్తే మళ్ళీ రాను.

మీ నాన్న సంగతి ఎత్తేవు. వాడు నీకు నాన్న అయితే నాకు తమ్ముడు. శివప్రసాదు పోయేడని కబురొచ్చినప్పుడు ఇక్కడి నుంచి పంపలేదు. వంటింట్లో కూచుని ఏడిస్తే ఉల్లిపాయలు తరుగుతున్నాననుకున్నారు. నేను మాత్రం దేవుడితో మాటలు మానెయ్యలేదు. మానేస్తే తెలుగులో మాట్లాడ్డానికి నాకు ఇక్కడ ఎవరున్నారు? బంగారరాజు ఉన్నాడు గాని వాడు టైర్ల సంగతి తప్ప మాట్లాడడు.

మీ అమ్మకి చెప్పు, రత్నమాలా, కుట్టుమిషను ముందు ఆ వంగి కూచోడం తగ్గించు అన్నానని.

ఇట్లు,
సూర్యకుమారత్త.


మొగలిలంక,
3 ఏప్రిల్ 1998, శుక్రవారం.

అత్తయ్యా,

నిన్న నీ వంతు జరిగింది. ఏ లోటూ రాలేదు.

నీకు వివరంగా కావాలి కదా, రాస్తున్నాను. నీ వంతుకి తోడు కూచుంటామన్నవాళ్ళు నాతో కలిపి ఐదుగురు. ఇద్దరు రాజోలు పెళ్ళికి వెళ్ళేరు. ఒకావిడ వచ్చి, కొబ్బరిముక్క తిని, పిల్ల ఇంటి దగ్గర ఏడుస్తోందని వెళ్ళిపోయింది. పిల్ల ఆవిడ చంకలోనే ఉంది, ఏడవటం లేదు. మిగిలింది నేనూ, సత్తియ్య తాతా. పడవ సత్తియ్య తాత నీకు గుర్తుండాలి. కాలవ మీద వంతెన వచ్చేక పడవ మానేసి తాళాలు పట్టుకున్నాడు. నలభై ఏళ్ళలో ఒక్క సప్తాహమూ వదల్లేదుట. మొదటి అరగంటా గట్టిగానే అందుకున్నాడు. తరవాత స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. భక్తి అనుకున్నాను. కాసేపటికి తల వాలింది.

హరేరామ అని గంటసేపు అంటే ఆ మాట మాట కాకుండా పోతుంది అత్తయ్యా. అది ఎవరి పేరో మర్చిపోయి, దవడ కదలడం ఒక్కటే తెలుస్తుంది. ఇది దేవుణ్ణి అనడం కాదు. ఇడ్లీ అని గంటసేపు అని చూడు, అంతే అవుతుంది.

నాలుగింటికి ఆడవాళ్ళ జట్టు వచ్చి అందుకుంది. కరెంటూ అప్పుడే వచ్చింది. మంగరాజుగారు మైకు తీసుకుని "సూర్యకుమారిగారు, బ్రేకెట్లో కువైట్, వారి వంతు దిగ్విజయంగా ముగిసింది" అన్నారు. నేను రాసింది రాసినట్టు చదివేరు.

మంగళవారం మంగరాజుగారి వంతు చూడాల్సింది. జనరేటరు, పదకొండుమంది, రెండు డోళ్ళు. మైకు కాలవ అవతలి ఊరికి తిప్పి పెట్టేరు. అక్కణ్ణించి ఒకాయన సైకిలు మీద వచ్చి ఏదైనా ప్రమాదం జరిగిందా అని అడిగేడు.

ఇదిగో ఇప్పుడు కూడా వినపడుతోంది, ఎవరో అపశ్రుతిలో అందుకున్నారు. ఇంకా రెండు రోజులు.

నీ,
లావణ్య.


కువైట్,
3-4-98.

లావణ్యగారికి రాజోలు బంగారరాజు నమస్కారాలండి.

సూర్యకుమారక్క చెప్తుంటే నేను రాస్తున్నానండి. ఈవేళ ఆదివారం, సెలవు గనక రాయడానికి కుదిరింది. ముందు కంగారు పడొద్దని రాయమంది. రాసేను.

గురువారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి వంటింట్లో నూనె మూకుడు జారి అక్క కుడిచెయ్యి కాలిందండి. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా, వేళ్ళు కూడా. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేను. దారి ఖాళీగా ఉంది, పదకొండు నిమిషాల్లో చేరిపోయేం. మామూలుగా ఇరవై పడుతుందండి. డాక్టరుగారు కేరళాయన, మంచి మనిషి. వేళ్ళు ఆడతాయన్నారు. ఎప్పటికో చెప్పలేదు. అక్కకి నొప్పి బాగా ఎక్కువగా ఉంది, ఈ ముక్క రాయొద్దంది. రాసేసేక అందండి, కొట్టేస్తే ఇంకా కనపడుతుందని వదిలేసేను.

మేడంగారు జీతం ఆపలేదండి. వంటకి వేరే ఆవిణ్ణి పెట్టేరు. ఆవిడ వండేది మేం తినలేకపోతున్నాం.

అక్క ఇంకో మాట రాయమంటోంది. మన వంతు ఎలా జరిగిందో లావణ్యని వివరంగా రాయమను, వాలిపోయిన మనసుకి అదొక్కటే మందు అంటోంది. ఇది అక్క మాటేనండి, నాకు ఇలాంటి మాటలు రావు.

ఇట్లు,
కె. బంగారరాజు, డ్రైవరు.


మొగలిలంక,
19 ఏప్రిల్ 1998.

అత్తయ్యా,

బంగారరాజుగారి ఉత్తరం నిన్న అందింది. అమ్మ ఏడ్చింది. చెయ్యి ఎలా ఉంది? కట్టు విప్పేరా? ఏ వేళ్ళు ఆడుతున్నాయో విడివిడిగా రాయించు.

ఒక్క సంగతి. పన్నెండుంపావు అని ఆయన ఎలా రాసేరు? వంటింట్లో గడియారం ఉందా? అది సరిగ్గా నడుస్తుందా? ఓ పది నిమిషాలు అటూ ఇటూ అయ్యే అవకాశం ఉందా? ఊరికే అడుగుతున్నాను.

ఈవేళ్టి నుంచి మధ్యాహ్నాలు రామాలయంలో కూచుని చదువుకుంటున్నాను. అక్కడ గాలి బాగుంటోంది.

లావణ్య.


కువైట్,
10-5-98.

లావణ్యా,

ఎడం చేత్తో రాస్తున్నాను. మొదటి మూడు కాగితాలు చింపేసేను. ఇది నాలుగోది.

గడియారం ఉంది. గోడ గడియారం, మక్కాది, నమాజు వేళలకి చూసుకునేది, నిమిషం కూడా తప్పదు. మూకుడు జారినప్పుడు ఎదురుగా అదే ఉంది, పన్నెండుంపావు. ఇదెందుకే నీకు?

నీ సప్తాహం ఉత్తరం అందింది. ఏ లోటూ రాలేదన్న ముక్క బంగారరాజు చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా తరఫున నువ్వు కూచోడానికి ఒప్పుకున్నావు గనక చేత్తో పోయింది. లేకపోతే ఆ నూనె మొహం మీద పడాల్సింది. ఇక్కడ అందరికీ అదే చెప్తున్నాను. కేరళ డాక్టరుకి కూడా చెప్పేను, ఆయన తలూపేడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ ఉత్తరం రాసింది. నువ్వు రోజూ ఠంచనుగా రెండింటికి రామాలయానికి వెళ్ళి నాలుగింటికి వస్తున్నావుట. పుస్తకం పట్టుకెళ్ళడం మొదటి రెండు రోజులేనట. గాలి బాగుంటుందని నాకు రాసేవు. కరెంటు కోతలో, మే నెలలో, ఆ రేకుల పందిట్లో గాలెక్కడిది?

రామాలయానికి పక్కనే కోఆపరేటివ్ బేంకు ఉంది. కొత్త గుమాస్తా వచ్చేడని కూడా మీ అమ్మ వేరే సందర్భంలో రాసింది. ఆవిడ కలపలేదు, నేను కలిపేను. తప్పు లేదు. మనిషి ఎలాంటివాడో, ఏ ఊరో నాకు ముందు రాయి. మీ అమ్మకి నేను చెప్తాను. నీ వయసులో నేనూ రేవుకి రోజుకి మూడుసార్లు నీళ్ళకి వెళ్ళేదాన్ని, ఇంట్లో నుయ్యి ఉండగా.

చెయ్యి నొప్పెడుతోంది. ఎడమది.

సూర్యకుమారత్త.


మొగలిలంక,
28 మే 1998.

అత్తయ్యా,

బేంకు గుమాస్తాకి యాభై నాలుగేళ్ళు. విగ్గు పెట్టుకుంటాడు. ఎండ ఎక్కువైతే అది తీసి లెడ్జరు మీద పెడతాడు. ఆయన గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

ఈ ఉత్తరం కూచుని చదువు.

నీ వంతులో ఏ లోటూ రాలేదని రాసేను. వచ్చింది. భజన తెగింది. నేనే తెంపేను.

సత్తియ్య తాత నిద్రపోయేడని రాసేను కదా, అంతవరకూ నిజం. తరవాత నేనొక్కదాన్నే అంటున్నాను. మైకు లేదు, మనిషి లేడు. అప్పుడు అనిపించింది, ఇప్పుడు ఆపేస్తే ఏమవుతుంది అని. నాకు గొంతు ఎండలేదు, దగ్గు రాలేదు. దగ్గు వచ్చిందని రాద్దామని ఈ ఉత్తరం ఒకసారి మొదలుపెట్టి చింపేసేను. కాలేజీ లేబొరేటరీలో ఒక తీగ పీకి చూస్తాం, దీపం ఆరిందా లేదా అని. అలా ఆపేను. వాచీ చూసుకుని మరీ ఆపేను. రెండూ నలభై ఐదు. ఇరవై దాకా లెక్కపెట్టేను. ఏమీ కాలేదు. దీపం అలాగే ఉంది. ఒక ఉడత వచ్చి కొబ్బరిచిప్ప వాసన చూసి వెళ్ళింది. ఇరవై అయ్యేక మళ్ళీ అందుకున్నాను. ప్రయోగం అయిపోయింది, ఫలితం ఏమీ లేదు అనుకుని, సాయంత్రం అమ్మ అట్లు వేస్తే ఐదు తిన్నాను.

పదహారు రోజులకి ఫలితం పోస్టులో వచ్చింది.

మనకీ కువైట్‌కీ రెండున్నర గంటలు తేడా. రెండూ నలభై ఐదులోంచి రెండున్నర తీసేస్తే పన్నెండుంపావు. ఎన్నిసార్లు తీసినా అంతే వస్తోంది. గడియారం తప్పు కావచ్చని ఆశ పడ్డాను. మక్కా గడియారం అని రాసేవు.

నమ్మకం లేనిదానివి నీకెందుకీ బాధ అంటావు. నేనూ అదే అడుగుతున్నాను. దేవుడు లేకపోతే తెగడానికి అక్కడేముంది, నేను మాట్లాడ్డం మానేసేనంతే. కాని తెగిందని నాకు తెలుసు అత్తయ్యా. ఏదో ఉంటేనే కదా తెగేది. మూడేళ్ళు తల తిప్పుకుని తిరిగినదాన్ని, ఈ తెగింది ఒక్కటి పట్టుకుని మళ్ళీ ఆయన గుమ్మంలోకి వెళ్ళాల్సొచ్చింది. పరువు పోయినట్టే ఉంది.

ఆ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచీ వెళ్తున్నాను. రెండు నుంచి నాలుగు, నీ వంతు. ఇరవై అంకెలకి ఎన్ని మధ్యాహ్నాలు కూచోవాలో ఎవరినీ అడగలేను. అడిగితే చెప్పాలి. సత్తియ్య తాత కూడా వస్తున్నాడు. ఎందుకని నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. తాళాలు వేస్తాడు, నేనంటాను.

ఊళ్ళో దీనికి వేరే అర్థాలు వచ్చేయి. మంగరాజుగారు వాళ్ళ అమ్మాయిలకి నన్ను చూపించి "డిగ్రీ చదివినా చూడండి" అంటున్నారు. రెండు సంబంధాలు కూడా తెచ్చేరు. ఒకళ్ళు పిల్లకి భక్తి ఉందని సంతోషించేరు. ఇంకొకళ్ళు భక్తి మరీ ముదిరితే వంట చెయ్యదేమో అని అడిగేరు. అమ్మ నాకు దిష్టి తీసింది. అంటే గుడికి వెళ్తున్నందుకు దిష్టి తీయించుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

నా మూలాన్న నీ చెయ్యి కాలింది. నువ్వేమో నా మూలాన్న మొహం మిగిలిందని డాక్టర్లకి చెప్తున్నావు. ఇంక చెప్పకు.

ఏమని సంతకం పెట్టాలో తెలీటం లేదు.

లావణ్య.


కువైట్,
15-6-98.

లావణ్యా,

ఇది కుడిచేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి ఎడమదే నయం అనుకోకు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ముడుచుకోవు. మిగతా మూడూ పని చేస్తున్నాయి. గరిటె పట్టుకోడానికి మూడు చాలు.

ముందు నువ్వు తెలుసుకోవలసింది ఒకటుంది. బంగారరాజు ఇక్కడికొచ్చి పదహారేళ్ళు. ఇక్కడ వారానికి సెలవు శుక్రవారం. సెలవు రోజుని ఆదివారం అనకపోతే వాడికి సెలవులా ఉండదు. అందుకని శుక్రవారాన్ని ఆదివారం అంటాడు, మిగతా వారాలన్నీ దాని వెనకాలే జరుపుతాడు. శనివారం వాడికి సోమవారం. మాకందరికీ అలవాటైపోయింది, మనసులో సరిచేసుకుంటాం. వాడు ఉత్తరం రాసింది మూడో తారీకు, ఈవేళ ఆదివారం అని రాసేడట. అదే తారీకున నువ్వు నాకు రాసిన ఉత్తరంలో శుక్రవారం అని ఉంది. నీకు బి.ఎస్సీ. ఇచ్చినవాళ్ళు ఇది చూడమని చెప్పలేదా?

వాడు గురువారం అన్నది మంగళవారం. నా చెయ్యి కాలింది మంగళవారం.

ఆ రోజు మన ఊళ్ళో రెండూ నలభై ఐదుకి ఏం జరుగుతోందో నువ్వే రాసేవు. మంగరాజు, జనరేటరు, పదకొండుమంది, రెండు డోళ్ళు, అవతలి ఊరికి తిప్పిన మైకు. అంటే నా చెయ్యి కాలేటప్పుడు భజన ఒక్క రవ్వ తెగలేదు. ఎన్నడూ లేనంత గట్టిగా జరుగుతోంది. అయినా కాలింది. జిడ్డుచేత్తో మూకుడు పట్టుకున్నాను గనక కాలింది. నా చెయ్యి కాల్చేటంత గొప్పదానివి కావు నువ్వు.

నువ్వు ఆపిన గురువారం అదే టైముకి నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఎదురుగా ఇంకో గడియారం ఉంది. పన్నెండుంపావు చూసి, మనకి రెండూ నలభై ఐదు, మా లావణ్య ఇప్పుడు కూచుని ఉంటుంది అనుకున్నాను. ఇక్కడ జరిగింది అంతే.

తెంపినందుకు నాకు కోపం రాలేదు. ఏ లోటూ రాలేదని రాసేవు చూడు, దానికి వచ్చింది. ఆ ముక్క పెట్టుకుని రెండు నెలలు బతికేను నేను. నీ ఉత్తరం చదివేక మూడు రోజులు నీతో మాటలు మానేసేను. నీకు తెలీలేదు. నాలుగో రోజు దోసకాయ పచ్చడి నూరుతుంటే నీకు ఇష్టమని గుర్తొచ్చి నేనే మళ్ళీ మాట్లాడేను. అదీ నీకు తెలీలేదు.

మీ నాన్న కోసం మనం మొక్కని దేవుడు లేడు. అన్నీ తీర్చేం. పోయేడు. నా చేతికి జనరేటరు పెట్టి మరీ భజన చేసేరు. కాలింది. కాబట్టి ఇది మనం ఇంత ఇస్తే ఆయన అంత ఇచ్చే బేరం కాదు. మరేంటని నన్ను అడక్కు, నేను ఏడో తరగతి.

నువ్వు తీర్చవలసింది ఏమీ లేదు. రేపటి నుంచి గుడికి వెళ్ళక్కర్లేదు. ఇంట్లో కూచుని చదువుకో. పుస్తకం కొన్నావు కదా.

మాఘంలో వస్తున్నాను. మూడు వేళ్ళకి తక్కువ కాకుండా వస్తాను.

సూర్యకుమారత్త.


మొగలిలంక,
3 జులై 1998.

అత్తయ్యకి,

నీ ఉత్తరం నిన్న ఒంటిగంటన్నరకి వచ్చింది. అబద్ధం రాసినందుకు క్షమించు. ఈ మాట ముందే రాయాల్సింది. ఉడత సంగతి రాయడానికి చోటు దొరికింది గాని దీనికి దొరకలేదు.

వంతుల పట్టీ తీసి చూసేను. కాలెండరు తీసేను. నువ్వు రాసింది నిజం. ఇంక నేను గుడికి వెళ్ళడానికి కారణం ఒక్కటీ లేదు. మంచం మీద కూచున్నాను. చాలా తేలిగ్గా అనిపించింది. కాసేపటికి అది కూడా అయిపోయింది.

రెండయింది. మిషను ఆపి అమ్మ అడిగింది.

"ఏం, ఈవేళ వెళ్ళవా?"

"వెళ్ళక్కర్లేదుట."

"ఎవరన్నారు?"

"అత్తయ్య."

"ఆవిడ కువైట్ నుంచి కూడా గుడి తలుపులు వేస్తుందా" అని మళ్ళీ మిషను తొక్కుకుంది.

రెండుంపావుకి చెప్పులేసుకున్నాను. వాన పడి ఆగింది, దారంతా బురద. ఎందుకు వెళ్తున్నానో వంతెన దాకా ఆలోచించేను. తోచలేదు. తోచకపోయినా కాళ్ళు ఆగలేదు.

సత్తియ్య తాత అప్పటికే ఒక్కడూ మొదలెట్టేసేడు. ఆయన పాట మధ్యలో ఆపి నావైపు చూసేడు.

"ఆలస్యమైందేం అమ్మాయ్?"

ఎలాగూ చెప్పాలనుకుని అంతా చెప్పేను, ఆ రోజు ఆపింది, ఇరవై లెక్కపెట్టింది, నీ చెయ్యి, బంగారరాజుగారి ఆదివారం. ఆయన తాళాలు తుడుచుకుంటూ విన్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"నిద్రపోయేవు కదా తాతా?"

"నిద్రోయేను. నువ్వు ఆపేసరికి మెలకువొచ్చింది. భజనలో నిద్రడతాది గాని, ఆగిపోతే ఎలా పడతాది?"

"మరి నువ్వు అందుకోలేదేం?"

"నువ్వు అందుకుంటావేమో చూద్దారని. పదంకెలు లెక్కెట్టి నేను అందుకుందారనుకున్నా."

"నేను ఇరవై లెక్కపెట్టేను."

"నాకు లెక్కలు సరిగ్గా రావు" అన్నాడు.

నలభై ఏళ్ళలో ఇంకెప్పుడైనా తెగిందా అని అడిగేను. పట్టీ వేసినవాళ్ళెవరూ అడగలేదు గనక తను ఎవరికీ చెప్పలేదన్నాడు.

నీకు ఇంకొకటి రాయలేదు అత్తయ్యా. ఆ ఇరవై అంకెల్లో ఏమీ కాలేదని రాసేను. అవును, కాలేదు. కాని ఖాళీ ఇంట్లో ఉండే నిశ్శబ్దం వేరు, మాటల్లేని మనుషులు ఇద్దరున్న గదిలో నిశ్శబ్దం వేరు. హాస్టల్లో చేరడం గురించి నాన్నా నేనూ దెబ్బలాడుకుని ఓసారి నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. ఆయన పేపరు చదువుతున్నట్టు కూచునేవారు, పేజీ తిప్పేవారు కాదు. ఆ రోజు గుళ్ళో నేను విన్నది అదే. ఎవరో పేజీ తిప్పకుండా కూచున్నట్టుంది. ఇరవై దగ్గర నేను అందుకున్నది ఉడతని చూసి కాదు. ఆపింది ప్రయోగానికే గాని, అందుకున్నది అందుకు కాదు.

నాన్న ఎందుకు పోయేరో ఇప్పటికీ నాకు తెలీదు. ఆ సంగతి నేను వదలను, నిన్న మధ్యాహ్నం కూడా అడిగేను. జవాబు రాలేదు. అయితే ఇదివరకు అడక్కుండా కోపంగా ఉండేదాన్ని, ఇప్పుడు అడిగి కోపంగా ఉన్నాను. అది కొంచెం నయం.

బి.ఎడ్. ఎంట్రన్సు రాసేను. సీటు వస్తుందనే అనుకుంటున్నాను. వస్తే కాకినాడ వెళ్ళాలి. అంతదాకా రెండు నుంచి నాలుగు ఇక్కడే. తరవాత సంగతి తాత చూసుకుంటానన్నాడు. వచ్చే ఏడు పట్టీలో గురువారం గడిలో నీ పేరు రాసి, కువైట్ తీసేసి బ్రేకెట్టు ఖాళీగా ఉంచేను.

ఈ నెల నుంచి మనకి కరెంటు కోత ఎత్తేసేరు. మంగరాజుగారు నిన్న గుడికొచ్చి, ఇంత భక్తి ఊరికే పోతోంది, రేపట్నించి నీకు మైకు పెట్టిస్తానమ్మా అన్నారు. వద్దండి అన్నాను. చాలా కాలానికి మాట్లాడుకుంటున్నాం, ఊరందరికీ ఎందుకు అని.

నీ మేనకోడలు,
లావణ్య.